పొయ్యి ముట్టించని ఆదివారం

ఆదివారం పొద్దున ఇంట్లో పొయ్యి ముట్టించకూడదని పెంచలకృష్ణ తల్లికి ఆజ్ఞ ఇచ్చాడు. ఇచ్చాడన్న మాటే గానీ, ఇస్తున్నంతసేపూ తల్లి మొహంలోకి చూడనేలేదు. ఆదిశేషమ్మ కాపురానికి వచ్చినప్పటి నుంచి ఆ ఇంట్లో పొయ్యి వెలగని పూట లేదు. గ్యాసు బండ వచ్చాక కూడా పెరట్లో వేణ్ణీళ్ల పొయ్యి రాజెయ్యనిదే ఆమెకు తెల్లవారదు. కాఫీ నీళ్లయినా కాచుకోనివ్వరా అని బతిమాలింది. ఒక్క పూటకు ప్రాణం పోదులే అన్నాడు కొడుకు. పొగ రాకూడదు, వాసన రాకూడదు, గరిటె చప్పుడు కాకూడదు. ఇవాళ తిండి ఫోన్లో చెబితే వేడివేడిగా గుమ్మంలోకి రావాలి.

వచ్చే ఊరైతే ఇంత కథ ఎందుకు. విడవలూరు దాటి సముద్రం వైపు పోతే, రొయ్యల గుంటల మధ్య రోడ్డు ఇరుకై ఇరుకై ఇక చాల్లెమ్మని ఆగిపోయే చోట ఉంటుందా ఊరు. ఫోన్లో బిర్యానీ బొమ్మ మీద నొక్కితే, మీ ప్రాంతానికి త్వరలోనే వస్తున్నాం అని జవాబు వస్తుంది. ఆ 'త్వరలోనే'ని నమ్ముకుని పెంచలకృష్ణ ఏళ్ల తరబడి కాచుకుని ఉన్నాడు. తిండి కోసం కాదు, పెళ్లి కోసం. మాగాణి ఉంది, రొయ్యల గుంటలున్నాయి, చెడ్డ అలవాట్లు లేవు. అయినా వయసు ముప్పై దాటిపోయింది. పెళ్లిచూపుల్లో నెల్లూరు పిల్ల మొహం మీదే అడిగింది, రాత్రిపూట నూడుల్స్ తినాలనిపిస్తే ఎట్టా అని. కళ్లు మూసుకుని పడుకుంటే అదే పోతుందమ్మా అని ఆదిశేషమ్మ సలహా ఇచ్చింది. ఆ సంబంధం అక్కడితో సరి. కావలివాళ్లయితే ఊరి పేరు ఫోన్లో కొట్టి చూసుకుని, బయల్దేరడమే మానేశారు.

ఇప్పుడు వచ్చింది గూడూరు సంబంధం. ఇదీ తప్పితే రొయ్యలకు మేత చల్లుకుంటూనే తన బతుకు తెల్లారిపోతుందని పెంచలకృష్ణకు గట్టి భయం పట్టుకుంది. పిల్ల పేరు సుప్రియ, నిమ్మకాయల వ్యాపారి కూతురు. ఫొటో చూసిన రోజు నుంచి అతనికి ఆ పిల్ల తప్ప ఇంకో ధ్యాస లేదు.

సంబంధం తెచ్చినవాడు నరేంద్రబాబు. పెళ్లిళ్లు కుదర్చడం అతని వృత్తి, అబద్ధం అతని పనిముట్టు. జాతకాలు కుదిరాక పిల్ల తల్లి కామాక్షమ్మ ఫోన్ చేసి, అంతా బాగుంది గానీ ఆ ఊళ్లో డెలివరీకి ఇబ్బందేమీ లేదు గదా అని ఒకే ఒక్క ప్రశ్న అడిగింది. రెండు సంబంధాలు చెడి ఒళ్లు మండి ఉన్న నరేంద్రబాబు తడుముకోలేదు. ఫోన్ కొడితే చాలమ్మా, ఇంటికే వస్తుంది అనేశాడు. అట్లయితే ఆదివారం పిల్లను వెంటబెట్టుకునే వస్తామనీ, ఇల్లు చూసినట్టూ ఉంటుంది, ఆ సంగతి తెలుసుకున్నట్టూ ఉంటుందనీ ఆమె కబురు పెట్టింది. ఆ కబురు విన్న దగ్గర నుంచి పెంచలకృష్ణకు ముద్ద దిగలేదు.

ఉపాయమూ నరేంద్రబాబే చెప్పాడు. పెంచలకృష్ణ స్నేహితుడు జయకుమార్ నెల్లూరులో ఉంటాడు. అతను ఎర్ర టీషర్టు తొడుక్కుని, వీపుకు చదరపు సంచీ తగిలించుకుని, చుట్టాలు కూర్చోగానే మటన్ బిర్యానీతో వాకిట్లో బండి ఆపాలి. ఇంట్లో వంట వాసన తగిలితే నాటకం రక్తి కట్టదు, అందుకని పొయ్యికి సెలవు. మిగిలిన గండం అవ్వ. వెంకటశేషమ్మకు తొంభై దగ్గర పడుతున్నాయి. కాళ్లు ఆడవు గానీ నోరు బాగా ఆడుతుంది, అందులోంచి నిజం తప్ప మరోటి రాదు. ఉప్పు కావాలన్నా విడవలూరు పోవాల్సిందే అని ఒక్క మాట అందంటే కొంప మునిగినట్టే. వచ్చినవాళ్లు పోయేదాకా కళ్లు తెరవొద్దనీ, పెదవి కదపొద్దనీ పెంచలకృష్ణ ఆమె చేతులు పట్టుకుని చెప్పుకున్నాడు. మనవడంటే ఆమెకు ప్రాణం, సరేనంది. తలకు పోసి, కొత్త కోక కట్టి, నుదుట విభూతి పెట్టి వసారాలో మంచం మీద పడుకోబెట్టారు. వాకిలంతా నీళ్లు కొట్టి కడిగారు.

పొద్దెక్కాక ఎదురింటి వనజాక్షమ్మ పెరుగు తోడు కోసం గిన్నె పట్టుకుని వచ్చింది. ఆ పెరట్లో పొగ లేవకపోవడం ఆమె పొద్దుటే గమనించింది. ఇప్పుడు చూస్తే వంటింట్లో పొయ్యి చల్లగా ఉంది. ఆదిశేషమ్మ కాఫీ లేక తలనొప్పి వచ్చి, గడప మీద తల పట్టుకుని కూర్చుంది. కడిగిన వాకిలి. కొత్త కోకలో కదలకుండా అవ్వ. అప్పుడే పెరట్లోంచి వచ్చిన ఇంటాయన మస్తానయ్యకు నున్నటి గుండు. కొడుక్కి పెళ్లి కుదరాలని వారం కిందట కొండకు పోయి మొక్కు చెల్లించుకున్న గుండది. వనజాక్షమ్మకూ ఆ సంగతి తెలుసు. తెలిసిందల్లా సమయానికి గుర్తొస్తే మనుషులకు ఇన్ని అవస్థలెందుకు.

చావు జరిగిన ఇంట్లో పొయ్యి ముట్టించరు. ఇరుగుపొరుగువాళ్లే వండి తెచ్చి పెడతారు. ఏమైంది, ఎట్లా పోయింది అని ఆరాలు తియ్యడం మర్యాద కాదు. వనజాక్షమ్మ మర్యాద తెలిసిన మనిషి. తోడు మాట ఎత్తకుండా, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వెనక్కి తిరిగింది. ఆమె వీధి చివరిదాకా పోయి వచ్చేసరికి ప్రతి ఇంట్లోనూ పప్పు ఉడకడం మొదలైంది.

పెంచలకృష్ణ ఇవేవీ ఎరగడు. వీధి మలుపులో నిలబడి బిర్యానీ కోసం దారి చూస్తున్నాడు. జయకుమార్ నుంచి ఫోన్ వచ్చింది.

"ధైర్యంగా ఉండరా కిష్టా. విడవలూరు టీ బంకు కాడ ఇప్పుడే చెప్పినారు. ఇట్టాంటప్పుడు బిర్యానీ మోసుకుని ఎట్టా వస్తానురా? ఈడ నాట్లేసే కూలోళ్లుంటే పంచేసినా."

"ఏం చెప్పినార్రా? ఎవురికేమయింది?"

"అవ్వ పోయిందంట గదరా."

పెంచలకృష్ణ ఫోన్ పెట్టేసి ఇంటి వైపు తిరిగాడు. బిర్యానీ పోయినందుకు కాదు. కళ్లు మూసుకోమని అవ్వకు చెప్పింది తనే. చెప్పిన నోరు పడిపోను అనుకుంటూ, చెప్పులు వదిలేసి ఇంటికి పరుగెత్తాడు. అవ్వ ముక్కు కింద వేలు పెట్టి చూశాడు. వెచ్చగా ఊపిరి తగిలింది. ఆ మంచంకోడు పట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు. అవ్వ ఒక కన్ను కొంచెం తెరిచి, మాట గుర్తొచ్చి, గట్టిగా మూసేసుకుంది.

ఏడుపు ఇంకా తెమలకముందే వాకిట్లో కారు ఆగింది. అప్పుడు పట్టుకుంది అసలు భయం. ఊరంతా ఇది చావిల్లు అనుకుంటోంది. ఆ మాట వీళ్ల చెవిన పడిందంటే, మైల ఇంట్లో పెళ్లి మాటలేమిటని గుమ్మంలోంచే తిరుగుముఖం పడతారు. ఉన్నమాట చెబుదామా అంటే పొయ్యి సంగతి చెప్పాలి, పొయ్యి సంగతి చెబితే డెలివరీ అబద్ధం బయటపడుతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

కామాక్షమ్మ, ఆమె భర్త, సుప్రియ, వాళ్ల వెంట నరేంద్రబాబు వచ్చి కూర్చున్నారు. మంచంలో ఉన్న పెద్దావిడను చూసి, నిద్రపోతోంది కాబోలని గొంతులు తగ్గించారు. పెంచలకృష్ణ ఉన్నపళంగా నరేంద్రబాబును పక్కకు లాగి సంగతంతా చెవిలో వేశాడు. ఇంతలో వనజాక్షమ్మ అన్నం గిన్నెతో వచ్చింది. చుట్టాలను చూసి, చావుకు అప్పుడే దూరపు బంధువులు కూడా దిగారనుకుని, తల వంచుకుని గిన్నె దించి అరుగు మీద కూలబడింది. ఆమె వెనకే మరొకామె పప్పు, ఇంకొకామె చారు. ఒక్కరూ నోరు విప్పరు. నరేంద్రబాబు మాత్రం తేరుకుని చేతులు రుద్దుకున్నాడు. చూశారా అమ్మా, మా ఊళ్లో అడక్కముందే ఇంటికొచ్చేస్తుంది అన్నాడు.

కామాక్షమ్మ కుర్చీ ముందుకు జరుపుకుంది.

"నాయనా, నేనడిగేదానికి ఏమనుకోబాక. ఈ డెలివరీ సంగతేందో నీ నోటితో చెప్పు. నాకు దాని గురించే భయం."

పెంచలకృష్ణ పాఠం బాగా వల్లె వేసి ఉన్నాడు. ఫోన్ చేస్తే అరగంటలో ఇంటికే తెచ్చిస్తారని చెప్పాడు.

"తెచ్చిస్తారా? ఎవురు?"

"కుర్రోళ్లండీ. బండి మీద వస్తారు. గడప లోపలికి రారు, వాకిట్లోనే పని కానిచ్చి పోతారు."

కామాక్షమ్మ భర్త వైపు చూసింది. ఆయన నేల చూపులు చూస్తున్నాడు.

"మొగపిల్లోళ్లా?"

"ఎక్కువ వాళ్లేనండీ. ఆదివారాల్లో కొంచెం ఆలస్యమవుద్ది. ఎప్పుడన్నా మనం అనుకునింది ఒకటైతే వచ్చేది ఇంకోటి. నచ్చకపోతే ఎనక్కి పంపించేయొచ్చు."

సుప్రియ చున్నీ నోటికి అడ్డం పెట్టుకుంది. భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తోందేమోనని పెంచలకృష్ణ హడలిపోయాడు. కొంతసేపటికి ఆ పిల్లే తమాయించుకుని నెమ్మదిగా చెప్పింది.

"అమ్మ అడిగేది కానుపు గురించండీ. ఆస్పత్రి దగ్గర్లో ఉండాదా అని."

భూమి చీలితే బాగుండుననిపించింది పెంచలకృష్ణకు. నరేంద్రబాబు అప్పటికే పెరటి తలుపు వైపు జరుగుతున్నాడు. సరిగ్గా అదే సమయంలో, ఇంతసేపూ బిగబట్టుకున్న వనజాక్షమ్మ ఇక ఆగలేక అవ్వ కాళ్ల మీద పడి గొల్లుమంది. నిన్న మాపటేళ కూడా నాతో మాట్లాడితివే తల్లీ అని ఆమె అందుకోగానే పప్పు తెచ్చినామె, చారు తెచ్చినామె వంత కలిపారు. కామాక్షమ్మ దిగ్గున లేచింది. మస్తానయ్య గుండు చూసింది, కదలని ముసలమ్మను చూసింది. చేతిసంచీ తీసుకుని కూతురి చెయ్యి పట్టుకుంది.

ఇక దాచడానికి ఏముంది. పెంచలకృష్ణ గుమ్మానికి అడ్డం నిలబడి అంతా కక్కేశాడు. ఈ ఊరికి ఫోన్లో మెతుకు కూడా రాదనీ, పిల్ల కాదంటుందేమోనన్న భయంతో అబద్ధమాడామనీ, అందుకే పొయ్యి వెలిగించలేదనీ, అవ్వ బతికే ఉందనీ చెప్పాడు. ఎవరూ నమ్మలేదు.

"అవ్వా, లెయ్యి. నీకు దణ్ణం పెడతా, ఒక మాట మాట్లాడు."

అవ్వ కళ్లు తెరవలేదు.

"వాళ్లు పోయినారా?" అని అడిగింది.

ఏడుస్తున్న ఆడవాళ్లు కెవ్వుమని ఒకరి మీద ఒకరు పడ్డారు. చారు తెచ్చినామె వీధిలోకి పరుగెత్తింది. సుప్రియ ఇక ఆపుకోలేక పగలబడి నవ్వింది. కామాక్షమ్మ మాత్రం నవ్వలేదు. కళ్లు తుడుచుకుంటున్న వనజాక్షమ్మ దగ్గరికి పోయి, పోయిందని నీకెవరు చెప్పారమ్మా అని అడిగింది.

"ఎవురు చెప్పాల? పెరట్లో పొగ రాలేదు గదమ్మా," అంది వనజాక్షమ్మ.

కామాక్షమ్మ మళ్లీ కుర్చీలో కూర్చుంది. తన పెద్దకూతురి సంగతి చెప్పుకొచ్చింది. ఆ పిల్లను చెన్నైలో ఇచ్చారట. అక్కడ అర్ధరాత్రి ఐస్‌క్రీమ్ కావాలన్నా తలుపు దగ్గరికి వస్తుందట. ఆ పిల్లకు నొప్పులొచ్చిన పూట అల్లుడు ఊళ్లో లేడు. అన్ని తలుపులున్న ఆ అపార్టుమెంటు వరసలో ఒక్క తలుపూ తెరుచుకోలేదు. బిడ్డ దక్కలేదు. ఆ మాటతో సుప్రియ నవ్వు కూడా ఆగిపోయింది.

"ఆస్పత్రి విడవలూరులో ఉండాదండీ. బండి నేనే తోలతా," అన్నాడు పెంచలకృష్ణ. ఈసారి అతను నేర్చుకున్న పాఠమేదీ అందులో లేదు.

కామాక్షమ్మ కూతురి వైపు చూసింది. సుప్రియ తల వంచుకుని సరేనంది. నరేంద్రబాబు పెరట్లోంచి తిరిగొచ్చి, ముందే చెప్పాను గదా అన్నాడు.

వచ్చిన చుట్టాలకు చావుకూడు పెట్టడమేమిటని ఆదిశేషమ్మ కంగారుపడింది. తిరగమాత వేస్తే ఆ దోషం పోతుందని తనకు తనే తీర్పు చెప్పుకుని, పొయ్యి ముట్టించి, పప్పులో ఆవాలూ ఎండుమిరపకాయలూ చిటపటలాడించింది. అందరికీ విస్తళ్లు వేశారు. ముహూర్తాల మాట నడుస్తోంది. మంచం మీద లేచి కూర్చున్న వెంకటశేషమ్మ తన పళ్లెంలోకి ఒకసారి చూసి, మనిషి పోయిందని తెలిసి కూడా ఒక్క ఇంటివాళ్లూ చేపల పులుసు పంపలేదేమని వనజాక్షమ్మను నిలదీసింది.