నలభై ఏడో నంబరు క్యాసెట్

శనివారం పొద్దున్న చలపతిరావు రెండు పనులు మనసులో పెట్టుకుని ఆఫీసుకు బయల్దేరాడు. ఒకటి, సూపరింటెండెంటు కాంతారావుగారికి ఒక సినిమా ఎలా ఉందో చెప్పడం. రెండు, ఆయన ఆ సినిమా మాటల్లో హుషారుగా ఉండగానే తన అర్జీ చేతిలో పెట్టెయ్యడం. మొదటిది సవ్యంగా జరిగితేనే రెండోదానికి మోక్షం.

అర్జీ ఎందుకంటే, చలపతిరావును బందరు నుంచి నాగాయలంకకు బదిలీ వేస్తారని పుకారు పుట్టింది. నాగాయలంక చెడ్డ ఊరేమీ కాదు, గాలి బాగా వస్తుంది. కానీ కూతురు సాహిత్య పదో తరగతి. భార్య త్రిపురసుందరి బందర్లోనే టీచరు. వాళ్ళిద్దరినీ ఇక్కడ వదిలేసి, తనొక్కడే అక్కడ గది తీసుకుని చేతులు కాల్చుకోవాలన్న ఊహకే అతనికి అన్నం సహించడం లేదు. కాంతారావుగారు ‘ఈయన ఇక్కడ అవసరం’ అని ఒక్క ముక్క రాస్తే చాలు, పైవాళ్ళు ఆపేస్తారు.

ఆ ఆఫీసులో మధ్యాహ్నం క్యారియర్లు విప్పగానే, ఎవరింట్లో ఏ సినిమా వేశారు, ఎలా ఉంది అన్న చర్చ మొదలవుతుంది. అందులో చలపతిరావు మాటకు తిరుగులేదు. ఫలానా సినిమాలో చెల్లెలి ఏడుపు నమ్మేలా లేదని అతను తేల్చేశాడంటే ఇక దానికి అప్పీలు లేదు. కాంతారావుగారు ముద్ద కలుపుతూ మొత్తం విని, చివర్లో "నేనూ అదే అనుకున్నానోయ్" అనేవారు. ఎవరికీ తెలియని సంగతేమిటంటే, చలపతిరావు ఇంతవరకూ ఒక్క సినిమా కూడా పూర్తిగా చూడలేదు. పేర్లు పడుతుండగానే కళ్ళు మూతలు పడతాయి. మర్నాడు కాఫీ ఇస్తూ త్రిపురసుందరి చెప్పిందే, క్యారియర్ విప్పాక ఇతని నోట్లోంచి వచ్చేది.

ఈసారి ఆ కాఫీ దగ్గరే దెబ్బతిన్నాడు. గురువారం సాయంత్రం మోషే వీడియో షాపు నుంచి క్యాసెట్లు ఆడించే వి.సి.పి.తో పాటు నలభై ఏడో నంబరు క్యాసెట్ తెచ్చి వేశారు. మోషే పేర్లు రాయడు, నంబర్లే అంటిస్తాడు. చలపతిరావు యథావిధిగా గుర్రు పెట్టాడు. శుక్రవారం తెల్లారకముందే త్రిపురసుందరి, సాహిత్యను తీసుకుని ఘంటసాలలో చెల్లెలు జానకి ఇంటికి వెళ్ళిపోయింది. జానకి కొడుక్కి ఆదివారం అన్నప్రాశన. సినిమా ఎలా ఉందో చెప్పేవాళ్ళు లేరు.

"ఏమోయ్ చలపతిరావ్, నలభై ఏడు చూశావటగా, మోషే చెప్పాడు. ఎలా ఉంది?" అన్నారు కాంతారావుగారు.

"ఫస్టాఫ్ పరవాలేదండీ. సెకండాఫ్ కాస్త లాగాడు. మొత్తానికి ఫ్యామిలీతో కూర్చుని చూడొచ్చు." ఏ సినిమాకైనా సరిపోయే మాటలవి. అక్కడితో ఆగితే బాగుండేది.

"సెంటిమెంటు ఉందా?"

"కళ్ళనీళ్ళు ఆగవండీ."

"తల్లి పాత్ర?"

"ఆవిడే సినిమాకి ప్రాణం. ఆవిణ్ణి మర్చిపోలేరు." తెలుగు సినిమాలో తల్లి ఉండకపోతుందా అన్న ధైర్యం మీద అనేశాడు.

కాంతారావుగారి ముఖం వెలిగిపోయింది. "అయితే రేపు అదే వేస్తాను. మా సాయిదుర్గను చూసుకోవడానికి గుడివాడ నుంచి వస్తున్నారు. పెళ్ళికొడుకు తల్లి వెంకటరత్నమ్మగారికి సినిమాలంటే పిచ్చి. ఇప్పటికి మూడు సంబంధాలు తప్పిపోయాయి. ఇదీ పోతే మా ఆవిడ నన్ను ఇంట్లో ఉండనివ్వదు. నాకు ఆ వైర్లు పెట్టడం చేతకాదు, నువ్వే వచ్చి వెయ్యాలి. నీ అర్జీ కూడా రేపే చూద్దాం," అంటూ ఆయన చలపతిరావు చాపిన కాగితం అందుకుని జేబులో పెట్టుకున్నారు.

అర్జీ మాట వినగానే చలపతిరావుకు ఆనందంతో ఒళ్ళు తేలిపోయింది. ఆ ఆనందం ఆదివారం పొద్దున్న పదింటిదాకా నిలబడింది.

పదింటికి పక్కింటి అచ్చమ్మగారు ఫోనొచ్చిందని కేకేశారు. ఘంటసాల నుంచి త్రిపురసుందరి. అన్నప్రాశన బాగా జరిగింది, జానకి కొడుకు పుస్తకం పట్టుకున్నాడు, పాలగిన్నె మీద మూత పెట్టారా లేదా అన్నీ అయ్యాక అతను అడిగాడు. "మొన్న చూశామే, నలభై ఏడు. కథేంటి?"

"ఆ దరిద్రపు సినిమానా? మొదలే పెళ్ళిచూపులు. పెళ్ళికొడుకు తల్లి పెద్ద గయ్యాళి. పిల్లను నడిపించి చూస్తుంది, జడ లాగి చూస్తుంది. చివర్లో ఆ పిల్ల తిరగబడి, పీటల మీంచి లేచి, నలుగురిలో ఆవిడ నెత్తిన పేడనీళ్ళు కుమ్మరిస్తుంది. అన్నట్టు ఆ గయ్యాళిది మన పక్కనున్న గుడివాడేనండోయ్. ఏం, ఎందుకూ?"

చలపతిరావు పై ప్రాణాలు పైనే పోయాయి. అచ్చమ్మగారి గోడకున్న క్యాలెండర్లో నాగాయలంక కనబడినట్టయింది.

"ఏవండీ, ఉన్నారా?"

"ఉన్నాను. ఎన్నాళ్ళుంటానో తెలీదు," అని ఫోను పెట్టేసి, చొక్కా గుండీలు ఎగుడుదిగుడుగా పెట్టుకుని మోషే షాపుకు పరుగెత్తాడు.

"నలభై ఏడా? పొద్దున్నే మీ సారుగారింటికి వెళ్ళిపోయింది, వి.సి.పి.తో సహా," అన్నాడు మోషే.

"పోనీ ఏదైనా మంచి భక్తి సినిమా ఇవ్వు బాబూ. ముఖ్యంగా అందులో అత్తగారు ఉండకూడదు."

"ఆదివారం పూట క్యాసెట్ దొరకడమే! ఉన్నవి రెండు. ఒకటి ఇంగ్లీషు ఫైటింగు. రెండోది..." మోషే గొంతు తగ్గించాడు. "రెండోది మీరు ఆఫీసరుగారింటికి పట్టుకెళ్ళేది కాదు లెండి."

అప్పుడు చలపతిరావుకు ఇంట్లో బీరువా గుర్తొచ్చింది. అందులో సొంత క్యాసెట్లు రెండున్నాయి. ఒకటి మావగారు కొనిచ్చిన భక్తి సినిమా. రెండోది రెండేళ్ళ కిందట ఘంటసాలలో జరిగిన జానకి పెళ్ళి వీడియో. రెండూ నల్ల పెట్టెలే, దేనిమీదా చీటీ లేదు. కుడివైపుది దేవుడిదని త్రిపురసుందరి ఎప్పుడో అన్నట్టు గుర్తు. అయితే ఆవిడ అన్నది బీరువాకు కుడివైపా, నిలబడ్డ మనిషికి కుడివైపా? వేసి చూద్దామంటే వి.సి.పి. లేదు. దేవుడి మీద భారం వేసి కుడిచేతికి అందింది సంచిలో పడేశాడు. మీద కిలో బందరు లడ్డూ పెట్టి, రిక్షా ఎక్కాడు.

కాంతారావుగారి ఇల్లు అప్పటికే కళకళలాడుతోంది. సోఫా నిండా వెంకటరత్నమ్మగారు, ఆ పక్కన మిగిలిన చోటులో ఆవిడ భర్త రాజబాబుగారు, కుర్చీలో పెళ్ళికొడుకు హేమంత్. ఎదురుగా చాప మీద సాయిదుర్గ తలొంచుకుని కూర్చుంది. ఆ పిల్ల ఎంత వంచుకుందంటే, వచ్చినవాళ్ళు ఆమె పాపిడి తప్ప ముఖం చూసిన పాపాన పోలేదు. హేమంత్ గడియారం చూసుకుంటున్నాడు. కాంతారావుగారి భార్య ఆ గడియారాన్ని చూసి చూసి కొంగుతో చెమట తుడుచుకుంటోంది.

చలపతిరావు కాంతారావుగారిని వాకిట్లోకి లాగి, "సినిమా ఎందుకులెండి సార్. నాలుగు మాటలు మాట్లాడుకుంటే..." అని నసిగాడు.

"మాటలా? ఆ పిల్లాడూ మాట్లాడడు, మా పిల్లా మాట్లాడదు. సినిమా ఒక్కటే దిక్కు. మా ఆఫీసులో సినిమాలు కాచి వడబోసిన మనిషి ఉన్నాడని ఆవిడతో నీ గురించి చెప్పాను కూడానూ. పరువు నిలబెట్టాలి!"

భోజనాల దగ్గర వెంకటరత్నమ్మగారు వదల్లేదు. "ఏవండీ చలపతిరావుగారూ, ఈ మధ్య సినిమాల్లో అమ్మ పాత్రలు పాడుచేస్తున్నారు. మీరేమంటారు?" అతను గుత్తివంకాయ మింగలేక, కక్కలేక, "నేనూ అదే అనుకున్నానండీ," అన్నాడు. అది తన మాట కాదని, కాంతారావుగారిదని అప్పుడు తట్టలేదు.

ఆకులు ఎత్తేశారు. అందరూ టీవీ ముందు చేరారు. చలపతిరావు వైర్లు సరిచేస్తున్నట్టు వి.సి.పి. ముందు వంగి, నలభై ఏడును సంచిలోకి, సంచిలోదాన్ని వి.సి.పి.లోకి మార్చాడు. కంగారులో తిరగేసి పెట్టేసరికి క్యాసెట్ రెండుసార్లు బయటికొచ్చింది. ఎవరూ చూడలేదు. బటన్ నొక్కి, దణ్ణం పెట్టుకుని, గుమ్మం పక్కన స్టూలు మీద కూలబడ్డాడు. చెప్పులు దగ్గరగా ఉంటాయని అక్కడ కూర్చున్నాడు.

తెర మీద పెళ్ళిపందిరి కనబడింది.

"పేర్లు వెయ్యలేదేంటోయ్?" అన్నారు కాంతారావుగారు.

"ఇప్పుడిదే ఫ్యాషనండీ," అన్నాడు చలపతిరావు. పందిరి చూసి అతనికింకా ఆశ చావలేదు. ఏ దేవుడి కల్యాణమో అయ్యుంటుంది. అంతలో ఆ కల్యాణంలో త్రిపురసుందరి ఆకుపచ్చ పట్టుచీర కట్టుకుని, తమలపాకుల పళ్ళెంతో ఇటునుంచి అటు వెళ్ళింది. చలపతిరావు గుండె జారి స్టూలు కింద పడింది.

"కొత్తవాళ్ళను పెట్టినట్టున్నారు. ఆ ఆకుపచ్చ చీరావిడ నడక సహజంగా ఉంది," అన్నారు వెంకటరత్నమ్మగారు.

లేచి ఆపేద్దామనుకున్నాడు. ఈలోగా తెర మీద పురోహితుడి గొంతు పెరిగింది, బాజాలు మోగాయి, అందరూ అక్షింతలు వేస్తున్నారు. వీడియో తీసినవాడికి ఆ క్షణంలో ఏం బుద్ధి పుట్టిందో, వధూవరులను వదిలేసి పందిట్లో ఒక మూలకు తిప్పాడు. అక్కడ అరటిచెట్టు కట్టిన రాటకు ఆనుకుని, నోరు తెరుచుకుని, గుప్పెట్లో అక్షింతలతో చలపతిరావు నిద్రపోతున్నాడు. వాడు అంతటితో ఊరుకోకుండా, ఆ నిద్రముఖం చుట్టూ గులాబీరంగు హృదయం బొమ్మ బిగించి, గిర్రున తిప్పాడు కూడా.

అందరూ తెర వంక, స్టూలు వంక, మళ్ళీ తెర వంక చూశారు. కాంతారావుగారి ముఖం ముందు పాలిపోయి, తర్వాత ఎర్రబడింది. అయిపోయింది, రేపే పెట్టె సర్దుకోవాలి అనుకున్నాడు చలపతిరావు. ఏడుపొక్కటే తక్కువ.

అప్పుడు సాయిదుర్గ నవ్వింది.

మామూలుగా నవ్వలేదు. తలెత్తి, కొంగు నోట్లో కుక్కుకుని, అది చాలక కొంగు వదిలేసి, కళ్ళనీళ్ళు కారేలా పగలబడి నవ్వింది. ఆమె తల్లి "ఏమిటే అది!" అని గిల్లబోయింది. కానీ హేమంత్ అప్పటికే గడియారం సంగతి మర్చిపోయి, ఆ పిల్ల ముఖాన్ని మొదటిసారి చూస్తూ తనూ నవ్వేస్తున్నాడు. ఆ నవ్వులకు రాజబాబుగారు సోఫాలో ఉలిక్కిపడి లేచారు. ఆయన పేర్లు పడలేదన్న మాట దగ్గరే నిద్రపోయారు.

"మా ఆయనా ఇంతేనమ్మా! ఇరవై ఎనిమిదేళ్ళుగా ఈయన పక్కన నేనొక్కదాన్నే సినిమా చూస్తున్నాను," అన్నారు వెంకటరత్నమ్మగారు, కళ్ళు తుడుచుకుంటూ. తర్వాత సాయిదుర్గ గడ్డం పట్టుకుని, "పిల్ల మనసారా నవ్వుతుంది. మాకు నచ్చింది. ఏరా?" అన్నారు. హేమంత్ తలూపాడు. పెళ్ళి వీడియో మొత్తం మళ్ళీ మొదట్నుంచి వేయించుకుని, నగలూ చీరలూ చూసి, సాయంత్రం బస్సుకు వెళ్తూ ఆవిడ గుమ్మంలో ఆగారు. "ఇంతకీ మీరు వేద్దామనుకున్న సినిమా ఏంటన్నయ్యగారూ?"

కాంతారావుగారు, మోషేను అడిగి తెలుసుకున్న పేరు చెప్పారు.

"అయ్యబాబోయ్! గుడివాడ హాల్లో సగంలో లేచొచ్చేశాను. అది వేసుంటే ఇక్కణ్ణుంచీ లేచి వెళ్ళిపోయేదాన్ని." ఆవిడ నవ్వుతూనే వెళ్ళారు. కాంతారావుగారు మాత్రం నవ్వలేదు. చలపతిరావును ఎగాదిగా చూసి, "రేపు నా గదికి రా," అన్నారు.

సోమవారం గది తలుపు మూశారు. బల్ల మీద అర్జీ ఉంది.

"నిజం చెప్పు. నువ్వు సినిమాలు చూడవు కదూ?"

"చూస్తానండీ... పేర్లు పడేదాకా."

"మరి ఆ అభిప్రాయాలన్నీ?"

"మా ఆవిడవండీ," అన్నాడు చలపతిరావు, ఉరికంబం ఎక్కినవాడిలా.

కాంతారావుగారు లేచి తలుపు గడియ వేసి వచ్చారు. గొంతు తగ్గించారు. మర్యాద కూడా మారింది. "చలపతిరావుగారూ, నేనూ పేర్లు పడేదాకానే. రెండేళ్ళుగా మీరిక్కడ చెప్పింది సాయంత్రం క్లబ్బులో చెబుతున్నాను. ఆ పేరు గుడివాడదాకా పాకబట్టే వెంకటరత్నమ్మగారు ఈ సంబంధానికి వచ్చారు. ఇకనుంచి ప్రతి ఆదివారం ఫోను చేస్తారట, వారంలో చూసిన సినిమా మీద నా అభిప్రాయం కావాలట. మీరు నాగాయలంక వెళ్తే నా గతేం కాను?"

ఆయన కలం తీసి, అర్జీ అంచున ‘ఈయన ఇక్కడ అత్యవసరం’ అని రాసి, కింద రెండు గీతలు కూడా గీశారు.

ఆనాటి నుంచి త్రిపురసుందరి ఘంటసాల వెళ్ళాలంటే సెలవు మంజూరు చేయవలసింది కాంతారావుగారే.