ఆఫీసర్లు తిరిగిన బండి

ఏడింటికి చాయ్, ఏడుంబావుకు బండి స్టార్టు, ఎనిమిదింబావుకు తొర్రూరులో పరీక్ష సెంటరు గేటు ముందు. అక్తర్ వేసుకున్న ప్లాను ఇంతే. దీన్ని చెడగొట్టే మొనగాడు జనగామ, మానుకోట జిల్లాల్లో ఇంకా పుట్టలేదని భార్య రషీదా బేగంతో గట్టిగా చెప్పాడు కూడా. పుట్టడమేమిటి, ఆ మొనగాడికి నలభై ఏళ్లు నిండి, ఆ సమయానికి తొర్రూరులో జిరాక్స్ దుకాణం షట్టరు ఎత్తుతున్నాడు.

అక్తర్‌ది జఫర్‌గఢ్‌లో మిర్చి గిర్నీ. మనిషికి కోపం జాస్తి అని ఊరంతా అంటుంది. ఇరవై రెండేళ్లుగా ఎండుమిరపకాయలు పట్టే మనిషికి చల్లని స్వభావం ఎక్కడి నుంచి ఊడిపడుతుందని అతను అరుస్తాడు. తలలో, మీసంలో, చెవుల్లో కూడా కారమే. ఆ కోపానికి ఈ ఏడు అసలైన కారణం దొరికింది. పోయిన ఏడు కూతురు ఇక్రా ఇంటర్ ఫస్టియర్ ఫిజిక్స్ పరీక్షకు పోతుంటే బస్సు టైరు పేలింది. తొమ్మిదీ ఐదు దాటితే గేటు మూస్తారు. పిల్ల తొమ్మిదీ ఏడుకు గేటు చేరింది. రెండు నిమిషాలు! ఆ గేటు ఊచలు పట్టుకుని పిల్ల ఏడ్చిన ఏడుపు అక్తర్ కళ్ల ముందు నుంచి ఇప్పటికీ పోలేదు. సప్లిమెంటరీ రాసి గట్టెక్కింది గానీ, ఈసారి సెకండియర్. బైపీసీ పిల్ల, నర్సింగులో చేరతానంటోంది. ఈసారి బస్సు మొహం చూసేది లేదని అక్తర్ ఒట్టు పెట్టుకున్నాడు.

అందుకే మానుకోట పోయి, పాత కార్ల బేరగాడు బలరాం దగ్గర ఒక తెల్ల కారు చూశాడు. వెనక డిక్కీ ఉన్న పొడుగు బండి. దర్జాకు తక్కువేమీ లేదు. మీటరు చూసి మాత్రం అక్తర్ కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చదివాడు. మూడు లక్షల పన్నెండు వేల కిలోమీటర్లు.

"ఏందయ్యా ఇది? కారా, బస్సు డిపోనా?"

"గట్లనకు అక్తర్ భాయ్. గిది ఆఫీసర్లు తిరిగిన బండి. పెద్ద పెద్ద సార్లే కూసున్నరు ఇండ్ల. గిది పోయిందంటే ఏ గేటైనా తెరుసుడే!"

"నాకు పద్దెనిమిది దినాలు నడిస్తె సాలు. బిడ్డ పరీక్షలు ఒడువంగనే తెచ్చి నీ మొఖాన కొడ్త. నడుస్తదా, నడువదా?"

"నడుస్తది భాయ్. నా బిడ్డ మీద ఒట్టు."

"నీకు ముగ్గురు కొడుకులేనాయె, ఆడపిల్ల యాడికెళ్లొచ్చె?"

బలరాం తల గోక్కుని తాళంచెవి చేతిలో పెట్టాడు. ఏ ఆఫీసర్లు తిరిగారో అతను చెప్పలేదు, ఇతను అడగలేదు.

అక్తర్‌కు తెలియని ఆ సంగతి మనకు తెలిస్తే తప్పు లేదు. పరీక్షల్లో కాపీ కొట్టేవాళ్లను పట్టుకునే స్క్వాడ్ సార్లకు ఆరేళ్లు కిరాయికి తిరిగిన బండి అది. యజమాని సంక్రాంతి ముందు అమ్మేసుకున్నాడు. చుట్టుపక్కల నాలుగు మండలాల్లో, పేరు కూడా సరిగా రాయలేని పోరగాడు సైతం ఆ బండి నంబరు మాత్రం తప్పు లేకుండా రాస్తాడు.

మొదటి పరీక్ష రోజు బండి సెంటరు వీధి మలుపు తిరిగిందో లేదో, గేటు కాడ వాచ్‌మన్ పోశాలు విజిలు ఊదాడు. ఎదురుగా ఎల్లేశ్ జిరాక్స్ దుకాణం షట్టరు ధడాలున కిందపడింది. పుస్తకం పేజీని అగ్గిపెట్టెలో పట్టేంత చిన్నగా తీసిచ్చే మైక్రో జిరాక్సులో ఎల్లేశ్‌ను మించినవాడు లేడు. ప్రహరీ గోడ పక్కన నిలబడ్డ మామలు, బావలు, అన్నలు తలోదిక్కు పరిగెత్తారు. పంచె కట్టుకున్న ఒక పెద్దమనిషి మురుగు మోరీలో దూకాడు.

"ఏమాయెర వీళ్లకు? పిచ్చికుక్క గిట్ల తిరుగుతుందా?" అన్నాడు అక్తర్.

వెనక సీట్లో పుస్తకం చదువుకుంటున్న ఇక్రా తల కూడా ఎత్తలేదు. "నువ్వు హారన్ గట్టిగ కొట్టినవ్ అబ్బా, గందుకే" అని తండ్రికి జవాబిచ్చింది.

ఇంతలో కాలేజీ ప్రిన్సిపాల్ కొబ్బరిబోండం పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. "సార్, గింత పొద్దుగాల వస్తరనుకోలే. ఒక్క ఫోన్ కొడితే..."

అక్తర్‌కు అరికాలి మంట నెత్తికెక్కింది. పోయినేడు బస్సు దిగి వస్తే పక్కకు జరగమన్న మనిషి, కారు చూడగానే బోండం తెస్తాడా? "ఫోన్ కొట్టి రావాల్నా? పోయినేడు రెండు నిమిషాలకు గేటు మూస్తిరే, గప్పుడు యాదికిరాలేదా ఫోను? లోపల ఫ్యాన్లు తిరుగుతున్నయా? పిల్లలకు తాగ నీళ్లు పెట్టిన్రా? తియ్ నీ బోండం!"

ప్రిన్సిపాల్ ముఖం పాలిపోయింది. పోయినేటి సంగతి పైదాకా పోయిందన్నమాట! అదీగాక కొబ్బరిబోండం వద్దన్న స్క్వాడ్ ఆఫీసరును అతను తన సర్వీసులో చూడలేదు. తీసుకునే ఆఫీసరును ఎట్లా సముదాయించాలో తెలుసు. వద్దనేవాణ్ణి ఏం చెయ్యాలి? అక్తర్ వెంట బండి దిగిన పిల్లను ఎవరూ పట్టించుకోలేదు, ఆమె మిగతా పిల్లల్లో కలిసి లోపలికి వెళ్లిపోయింది.

ఆ మూడు గంటలూ అక్తర్ గేటు ఎదురుగా బండిలోనే కూర్చున్నాడు. ఒకడు గోడ మీద నుంచి లోపలికి తొంగి చూస్తే దిగి కేకేశాడు. "ఏం జూస్తున్నవ్‌రా? పిల్లలను రాసుకోనియ్యవా?" వాడు చెప్పులు వదిలేసి పోయాడు. మధ్యాహ్నం ఇక్రా వచ్చి బండెక్కి, "అబ్బా, హాల్ల సూది పడ్డా వినొచ్చేటట్టున్నది. పక్క పోరడు మూడు గంటలు ఏడ్సుకుంటనే కూసున్నడు" అంది.

రెండో పరీక్షకు గేటు ముందు కుర్చీ వేశారు. మూడోదానికి కుర్చీ మీద టవలు పరిచారు. నాలుగోదానికి టిఫిను డబ్బా వచ్చింది. "నేనేమన్న బిచ్చపోన్నా?" అని అక్తర్ దాన్ని తిప్పి పంపాడు. కోపిష్టి, నిజాయతీపరుడు, మీసాలకు ఎర్ర రంగు వేసుకుని మారువేషంలో తిరుగుతున్నాడు అని తొర్రూరంతా చెప్పుకుంది. వాట్సాపుల్లో బండి ఫొటో తిరిగింది. కాపీ మీద ఆశ పెట్టుకుని ఏడాదంతా పుస్తకం ముట్టని పిల్లల తల్లిదండ్రులు ఎల్లేశ్ దుకాణం మీద పడ్డారు.

"నీ చిట్టీల మీద నమ్మకంతోని మా పోరడు క్రికెట్ ఆడుకుంట తిరిగిండు. ఇప్పుడెట్ల జేస్తవ్ జెయ్యి!"

అయిదో పరీక్ష ఫిజిక్సు. ఎల్లేశ్‌కు పరువు సమస్య అయింది. స్క్వాడ్ సారు జఫర్‌గఢ్ వైపు నుంచి ఊళ్ల మీదుగా సన్న రోడ్డున వస్తున్నాడని ఆరా తీశాడు. సారును ఆపాల్సిన పని లేదు, ఒక గంట ఆలస్యం చేస్తే చాలు, ఈలోపు చిట్టీలు లోపలికి చేరతాయి.

ఆ పొద్దున ఏడుంబావుకే బయల్దేరిన అక్తర్, మొదటి కల్వర్టు దగ్గర బ్రేకు తొక్కాడు. రోడ్డుకు అడ్డంగా మనిషెత్తు తుమ్మ కంప.

"ఎవడ్రా గీ పని జేసింది! వాని చేతులు పడిపోను!"

దిగి ఉత్త చేతులతో కంప లాగాడు. ముళ్లు దిగి రక్తం కారింది. వెనక ఒక ఆటో వచ్చి ఆగింది. అందులో సంచి ఒళ్లో పెట్టుకుని ఒక కళ్లద్దాల మనిషి కూర్చుని చోద్యం చూస్తున్నాడు. అక్తర్‌కు నషాళానికంటింది.

"ఏమయ్యా, సినిమా జూడొచ్చినవా? నా బిడ్డ పరీక్ష పోతుంది ఈడ! దిగు, కంప వట్టు!"

ఆ మనిషి దిగి కంప పట్టాడు. రెండో కల్వర్టు దగ్గరా కంపే. మూడోదాని దగ్గర కంపతో పాటు ఎండు తాటిమొద్దు కూడా. అది దొర్లించి వచ్చేసరికి బండి స్టార్టు కాలేదు, ఆ సన్న రోడ్డు మీద వెనక ఆటో దాటడానికీ చోటు లేదు. మూడు లక్షల పన్నెండు వేల కిలోమీటర్లు తిరిగిన ప్రాణం, ఇక్కడ సోలింది. వెనక సీట్లో ఇక్రా గడియారం చూసుకుని పెదవి కొరుక్కుంటోంది. పోయినేడు ఏడ్చింది, ఈసారి ఏడవడం లేదు, అదే అక్తర్ గుండెను పిండేసింది.

"అబ్బా, ఎనిమిది నలభై."

"యా అల్లా! ఏయ్ కండ్లద్దాలు, తొయ్యి! నీక్గూడ పిల్లలుంటరు, గట్టిగ తొయ్యి!"

కళ్లద్దాలు, ఆటోవాడు కలిసి తోశారు. పావు గంట తోశాక బండి దగ్గి, పొగ కక్కి, కదిలింది. అక్తర్ వెనక్కి తిరిగి చూడలేదు, సన్నగా షుక్రియా కూడా చెప్పలేదు.

తొమ్మిదీ తొమ్మిదికి గేటు చేరాడు. మూసి ఉంది. బండిని చూడగానే పోశాలు రెండు రెక్కలూ బార్లా తెరిచి సలాము కొట్టాడు. బలరాం చెప్పింది అబద్ధం కాదు, గేటు తెరుచుకుంది. ఇక్రా హాల్‌టికెట్ పట్టుకుని లోపలికి ఉరికింది.

ప్రిన్సిపాల్ చెయ్యి అడ్డం పెట్టాడు. "ఆగు పిల్లా! తొమ్మిది తొమ్మిదయింది. రూలు రూలే." ఆ మాట అని అక్తర్ వైపు తిరిగి మెచ్చుకోలు కోసం చూశాడు. "చూసిన్రా సార్? మీరుండంగ ఒక్క నిమిషం గూడ ఇయ్యం."

"అరే, అది నా బిడ్డనయ్యా!"

ప్రిన్సిపాల్ ముసిముసిగా నవ్వాడు. "మమ్ముల పరీక్ష వెడ్తున్నరు. సమజైంది సార్. మీ సొంత బిడ్డనైనా రానియ్యం, రాసుకోండ్రి."

"రాసుకునుడేంది! రోడ్డు మీద కంపేసిన్రు! చేతులు జూడు!" అక్తర్ అరిచాడు, బతిమాలాడు, మళ్లీ అరిచాడు. జీవితంలో మొదటిసారి ఒకరి కాళ్లు పట్టుకోబోయాడు. అతను ఎంత అరిస్తే ప్రిన్సిపాల్ అంత బిగుసుకున్నాడు. ఇంత కఠినమైన పరీక్షలో నెగ్గితే కాలేజీకి మంచి పేరు రాస్తారని అతని ఆశ. ఇక్రా గేటు ఊచ పట్టుకుంది. అదే ఊచ.

అప్పుడు ఆటో వచ్చి ఆగింది. కళ్లద్దాల మనిషి దిగి, ముళ్లు గీరుకున్న చేత్తో సంచిలోంచి గుర్తింపు కార్డు తీసి చూపించాడు.

"నా పేరు రఘునాథ్. స్క్వాడ్ ఆఫీసర్ను."

పోశాలు అటొకసారి ఇటొకసారి సలాము కొట్టాడు. తాను కండ్లద్దాలు అని పిలిచి, కంప లాగించి, బండి తోయించింది ఈయన చేతనా?

"మేం తిరిగిన బండి గిదే. అమ్ముకున్నరు, కొత్తది రాలే. గందుకే ఆటోల వస్తున్న" అన్నాడు రఘునాథ్. "మూడు తావుల కంపేసింది మీ ఊరోల్లే ప్రిన్సిపాల్ గారూ, నన్ను ఆపెటందుకు. కండ్లార జూసిన, చేతులార తీసిన. నేను రాసిస్త, పిల్లను పంపుండ్రి. లేటయినంత సేపు చివర్ల ఎక్కువ ఇయ్యుండ్రి."

ఇక్రా పరుగెత్తింది. ఆమె మెట్లెక్కి హాల్లోకి పోయేదాకా అందరూ అటే చూశారు.

"మరి ఈ సార్ ఎవలు?" అన్నాడు ప్రిన్సిపాల్ పీలగొంతుతో.

"నేను మిర్చి గిర్నీ నడుపుత! జఫర్‌గఢ్‌ల!"

"మరి ఇన్ని దినాలు మేం గా బోండాలు, కుర్చీ, టవలు..."

"అవన్ని ఎవలికేసినవ్‌రా మరి?" అని అక్తర్ పోశాలును నిలదీశాడు.

"బండికి" అన్నాడు పోశాలు, ఉన్న మాట.

రఘునాథ్ హాళ్లన్నీ తిరిగి వచ్చాడు. చిట్టీలు లోపలికి చేరకముందే బండి గేటు చేరింది కాబట్టి ఒక్కటీ దొరకలేదు. ఆరేళ్లలో ఈ సెంటరులో ఇట్లా ఎప్పుడూ లేదని రిజిస్టరులో రాసి, అక్తర్ దగ్గర ఆగాడు. "తిట్టినవ్ గని భాయ్, కంప వేసినోన్ని తిట్టినంత నన్ను తిట్టలే. గంతే సాలు." అక్తర్ ఆ చేతిలోని ముల్లు ఒకటి జాగ్రత్తగా తీశాడు.

చివరి పరీక్ష కెమిస్ట్రీ అయిపోయిన మధ్యాహ్నం, ఇక్రా నవ్వుతూ బయటికి వచ్చింది. అక్తర్ తాళం తిప్పాడు. బండి దగ్గలేదు, పొగ కక్కలేదు. సరిగ్గా ఎల్లేశ్ దుకాణం ముందు, షట్టరుకు రెండడుగుల దూరంలో ప్రాణం విడిచింది.

ఎల్లేశ్ బయటికి వచ్చి చేతులు నలిపాడు. మోచేతుల దాకా ముళ్ల గీతలున్నాయి. "అన్నా, జర గీ బండి తీస్క పో. మే నెలల సప్లిమెంటరీ ఉన్నది. ఈసారి సగం ఊరు రాస్తది."

అక్తర్ ఆ గీతలను చూశాడు. తన చేతులవీ చూసుకున్నాడు. అతనికి వచ్చిన కోపానికి మామూలుగా అయితే వీధి అదిరిపోవాలి. కానీ అరవలేదు. బండి అద్దాలన్నీ ఎక్కించి, తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకున్నాడు.

"నేనే కొంట అన్నా! ఎంతంటవో చెప్పు!" అన్నాడు ఎల్లేశ్.

"అమ్మనే అమ్మ. బిడ్డ పాసై నర్సింగుల చేరినంక వచ్చి తీస్కపోత. గందాక ఈడ్నే ఉండనీ. ఆఫీసర్లు తిరిగిన బండి, జర ఇజ్జత్ తోని జూస్కో."

అక్తర్, ఇక్రా నడుచుకుంటూ బస్టాండుకు పోయారు. బస్సు నిమిషం కూడా ఆలస్యం లేకుండా వచ్చింది.