రద్దుకి రద్దు

పదింటికి లాయరు దగ్గర ఒక సంతకం పెట్టి, భోజనం వేళకి ఇంటికి చేరాలని లిఫ్టు మెకానిక్ అనుకున్నాడు. ఇల్లంటే మాజీ భార్య ఇల్లు. అందుకే స్పానర్ల సంచిలోనే రెండు చొక్కాలు కూడా కుక్కుకుని బయల్దేరాడు.

విడాకులై ఏడాది కావస్తోంది. మొన్నామధ్య ఆమె ఉండే భవనంలో లిఫ్టు పాడైతే బాగుచేయడానికి వెళ్ళాడు. తన మందుల షాపు మూసి తిరిగొస్తున్న ఆమె అదే లిఫ్టు ఎక్కింది. రెండు అంతస్తుల మధ్య అది ఆగిపోయింది. ఎందుకు ఆగిందో అతను ఇప్పటికీ చెప్పడు. "ఏమండీ" అని పిలిచే హక్కు పోయింది కాబట్టి ఆమె కాసేపు తటపటాయించి, "మెకానిక్ గారూ, ఇది కదుల్తుందా?" అంది. అది కదిలేలోపు ఇద్దరికీ ఒక సంగతి తెలిసింది. విడాకులు ఆమెకి కావాలేమోనని అతనూ, అతనికి కావాలేమోనని ఆమె కూడా ఆ కాగితాల మీద సంతకాలు పెట్టారు.

"విడాకులు రద్దు చేయించడం కంటే సులువైన దారి ఒకటుంది," అన్నాడు లాయరు ఇద్దరితో. "మళ్ళీ పెళ్ళి చేసుకోండి. చట్టానికేం అభ్యంతరం లేదు."

"మళ్ళీనా? ఈయన్ని నా రెండో మొగుడని చెప్పుకోవాలా?" అంది ఆమె.

"పాత లిఫ్టు బాగుపడేలా ఉంటే కొత్తది ఎవరైనా బిగిస్తారాండీ? పాతదాన్నే రీసెట్ చేయండి," అన్నాడు మెకానిక్.

పైకి చెప్పిన కారణాలివి. లోపల ఇద్దరిదీ ఒకటే భయం. మళ్ళీ పెళ్ళంటే మధ్యలోని ఏడాది నిజంగా గడిచినట్టు ఒప్పుకోవడం. అతను అద్దె గదిలో నిలబడే భోంచేసిన రోజులూ, ఆమె టీవీకి జవాబులు చెప్పిన సాయంత్రాలూ అందులో ఉన్నాయి. విడాకులు రద్దయితే అవీ రద్దవుతాయని ఇద్దరూ నమ్మారు.

లాయరు కళ్ళజోడు తుడుచుకున్నాడు. "ఇద్దరూ ఒప్పుకుని తీసుకున్న విడాకులు. అప్పీలుకి వీల్లేదు. రద్దు కావాలంటే అప్పట్లో మోసమో ఒత్తిడో జరిగిందని చూపించాలి. ఎవరు మోసం చేశారు?"

"నేనే," అన్నారు ఇద్దరూ.

"ఏం మోసం?"

"ఈవిడంటే ఇష్టం ఉండి కూడా లేనట్టు తిరిగాను," అన్నాడు మెకానిక్.

"దాన్ని మోసం అనరు, కాపురం అంటారు. పోనీ, ఎవరైనా విడిపొమ్మని ఒత్తిడి పెట్టారా?"

ఆమె ఆలోచించింది. "మా అక్క ఒకసారి 'అంత కష్టంగా ఉంటే వదిలెయ్యవే' అంది."

"మా అమ్మ కూడా అంది," అన్నాడతను వెంటనే. నిజానికి తల్లి అన్నది, "ఆ పిల్ల నీతో ఎలా వేగుతోందిరా" అని. కానీ నింద అంతా ఆమె వైపే పడితే చిన్నబుచ్చుకుంటుందని తన వంతు తనూ కలిపాడు.

లాయరు ఒత్తిడి పెట్టినవాళ్ళుగా అక్కనీ అమ్మనీ పిటిషన్‌లోకి ఎక్కించాడు. కోర్టు ఇద్దరికీ నోటీసులు పంపింది.

వాయిదా రోజున అక్కా అత్తగారూ కోర్టు వరండాలో ఒకే బెంచీకి రెండు చివర్లా కూర్చున్నారు. విడాకుల తర్వాత వాళ్ళకీ మాటల్లేవు.

"కాపురం కూల్చినదాన్నా నేను? మా మరిది సంగతులు రోజూ నా దగ్గర ఏకరువు పెట్టిందెవరే?" అంది అక్క.

"నేను విడిపొమ్మన్నానట్రా?" అని తల్లి కొడుకు మీద లేచింది. "ఆ పిల్ల గురక పెడుతోందని హాల్లో పడుకుంది నువ్వు కాదూ?"

"గురకా?" అంది భార్య. "రాత్రిళ్ళు లిఫ్టుల ఫోన్లు వస్తాయని కదా హాల్లోకి వెళ్ళారు?"

"చెప్తే బాధపడతావని..."

"ఇదిగో, మోసం దొరికింది!" అన్నాడు లాయరు సంబరంగా. ఎవరూ వినలేదు.

గొడవ వరండాలోంచి కోర్టు హాల్లోకి వచ్చింది. గురక ఎవరిది అన్నచోట మొదలై, కిటికీ తెరిచిందెవరు, అలిగిందెవరు, ముందు లాయరుకి ఫోన్ చేసిందెవరు అన్నదాకా వెళ్ళింది. న్యాయమూర్తి గడ్డం కింద చెయ్యి పెట్టుకుని ఓపిగ్గా విన్నారు.

"వీళ్ళు విడిపోవడానికి ఇంకెవరి ఒత్తిడీ అవసరమైనట్టు కనిపించడం లేదు," అన్నారావిడ. "పిటిషన్ కొట్టేస్తున్నాను."

అందరూ వరండాలోకి వచ్చారు. మెకానిక్ సంచి భుజానికెత్తుకున్నాడు. స్పానర్ల మధ్యనుంచి చొక్కా చెయ్యొకటి బయటికి వేలాడుతోంది. మొదటిరోజు సర్దిన చొక్కాలు. అతను వాటిని తియ్యనే లేదు.

"ఆ చొక్కాలెక్కడికి?" అంది ఆమె.

"గదికే."

ఆమె వేలాడుతున్న చెయ్యిని సంచిలోకి తోసింది. తోసిన చెయ్యి వెనక్కి తీసుకోవడం మర్చిపోయింది.

అక్క అత్తగారి వైపు జరిగింది. "మన పేర్లు రికార్డుకెక్కాయండీ. వీళ్ళు విడిగా ఉన్నన్నాళ్ళూ కాపురం కూల్చినవాళ్ళం మనమే."

"అంతేనమ్మా. వాణ్ణి నేను పట్టుకుంటాను, దాన్ని నువ్వు పట్టుకో."

ఆ పట్టు రిజిస్ట్రారు బల్ల దాకా సడలలేదు. సాక్షుల్లో ఒకరు తక్కువైతే లాయర్ని కూడా లాక్కొచ్చారు.

"ఎవరి ఒత్తిడీ లేకుండా, ఇష్టపూర్వకంగానే ఈ పెళ్ళి చేసుకుంటున్నారా?" అని రిజిస్ట్రారు అడిగాడు.

ఇద్దరూ అటూ ఇటూ చూశారు. అతని మోచెయ్యి తల్లి గుప్పిట్లో ఉంది. ఆమె భుజం మీద అక్క చెయ్యి ఉంది.

"అవునండీ," అన్నారు ఒకేసారి.

"ఏమండీ, ఆ పెన్ను ఇలా ఇవ్వండి," అంది ఆమె.

వెనక నిలబడ్డ లాయరు, ఈ కేసులో మొట్టమొదటిసారిగా రద్దుకి గట్టి ఆధారం దొరికిందని మనసులో గుర్తుపెట్టుకున్నాడు.