పట్టాభిరామయ్యగారి కొత్త లక్ష్యాలు

జనవరి ఒకటిన పొద్దున్నే క్రాంతికుమార్ రెండు కాగితాలు రాశాడు. ఒకటి తన గురువు, ఫిల్మ్ నగర్‌లో పేరుమోసిన మాటల రచయిత పట్టాభిరామయ్యగారి కొత్త సంవత్సరపు లక్ష్యాలు. తొమ్మిదింటికి ఆయన సతీసమేతంగా టీవీ లైవులో కూర్చుని వాటిని చదవాలి. పదకొండేళ్లుగా ఆయన సినిమాలకు మాటలన్నీ క్రాంతే రాస్తుండగా, లక్ష్యాలు మాత్రం ఆయనెందుకు రాసుకుంటారు? రెండోది క్రాంతి సొంత లక్ష్యాలు. తెర మీద తన పేరు చూపిస్తానని పెళ్లినాడు భార్య ప్రణతికి మాటిచ్చాడు, ఇంతవరకు చూపించలేదు. అందుకే తన లక్ష్యాలను మంచి కాగితం మీద ముత్యాల్లాంటి అక్షరాలతో రాసుకున్నాడు. గురువుగారివి కరెంటు బిల్లు వెనక గీకి, తర్వాత సాపు రాద్దామని స్నానానికి వెళ్లాడు.

ఇంతలో రహమత్ నగర్‌లో వాళ్లుండే సందులో కారు హారన్ మోగింది.

"జల్ది కాయితం ఇయ్యమ్మా! సార్ గాడ మేకప్ ఏసుకొని కూసున్నడు" అన్నాడు పట్టాభిగారి డ్రైవర్ భిక్షం.

ప్రణతి రెండు కాగితాలూ చూసి, పెద్దమనిషికి పంపేది కదా అని శుభ్రంగా ఉన్నదే ఇచ్చింది. స్నానం చేసి వచ్చిన క్రాంతికి బల్ల మీద కరెంటు బిల్లు మాత్రమే కనిపించింది. గురువుగారికి ఎన్నిసార్లు ఫోన్ చేసినా ఎత్తకపోయేసరికి, తొమ్మిది కాగానే గబగబా టీవీ పెట్టాడు.

పట్టాభిగారు ఏదీ ముందుగా చదవరు. చదివితే ఫీల్ పోతుందట. కళ్లజోడు సర్దుకుని గంభీరంగా మొదలుపెట్టారు.

"ఇకపై ఇంకొకరి పేరు మీద డైలాగులు రాయను."

యాంకరమ్మ నోరు తెరిచింది. "సర్, ఇన్నాళ్లూ మీరు వేరేవాళ్లకి రాసిపెట్టారా?"

ఆయన తడబడ్డారు గానీ ఆగలేదు. "రహమత్ నగర్‌లో అద్దిల్లు ఖాళీ చేస్తాను."

పక్కనున్న ఆయన భార్య లీలాకుమారిగారు తల తిప్పి చూశారు. జూబ్లీహిల్స్‌లో మూడంతస్తుల మేడ ఉండగా ఈ అద్దిల్లు ఎవరికోసమో ఆవిడకు అంతు చిక్కలేదు. తర్వాతి వాక్యంతో చిక్కింది.

"ప్రణతికి ఇచ్చిన మాట ఈ ఏడాదైనా నిలబెట్టుకుంటాను."

"ప్రణతి ఎవరండీ?" అన్నారు లీలాకుమారిగారు, లైవులోనే.

రహమత్ నగర్‌లో ప్రణతి నెత్తి బాదుకుంది. క్రాంతికి మాత్రం హఠాత్తుగా ఆశ పుట్టింది. కాపురం నిలబడాలంటే ఆ కాగితం ఎవరిదో ముసలాయన చెప్పక తప్పదు. చెబితే తన పేరు ఊరంతా మోగిపోతుంది. ఉండబట్టలేక లేచి నిలబడ్డాడు.

కానీ నలభై ఏళ్లు పరాయి మాటల మీద బతికినవాడికి అబద్ధం పుట్టడానికి అర నిమిషం చాలు.

"నా కొత్త సినిమాలో హీరోయిన్, లీలా! ఇవన్నీ హీరో లక్ష్యాలు. పాపం, వాడో అనామక రచయిత. వాడి కష్టమంతా దోచుకునే దుర్మార్గుడు ఒకడుంటాడు..." అంటూ పట్టాభిగారు గొంతు గద్గదం చేశారు. యాంకరమ్మ కళ్లొత్తుకుంది. నిర్మాత వెంకటరామయ్యగారు లైవులోకి ఫోన్ చేసి, ఆ సినిమా తానే తీస్తానన్నారు.

పది నిమిషాలకు క్రాంతి ఫోన్ మోగింది.

"కొంప ముంచబోయావు కదయ్యా! సరేలే, నెలాఖరుకల్లా కథా మాటలూ పూర్తి చేసెయ్."

"సర్, అది నా బతుకండీ. ఈసారైనా నా పేరు..."

"ఆ దుర్మార్గుడి పాత్ర మాత్రం గట్టిగా రాయి. అలాంటివాళ్లు మన ఇండస్ట్రీలో ఉన్నారంటే సిగ్గేస్తుందయ్యా నాకు" అని పట్టాభిగారు ఫోన్ పెట్టేశారు.

"ఏమన్నారండీ? తెర మీద పేరు వస్తుందా?" అంది ప్రణతి.

"వస్తుంది. నీది."

ప్రణతి ఏలూరులో ఉన్న అక్కకు ఫోన్ చేసి, తమ ఇంట్లో ఒకరి పేరు తెరకెక్కుతోందని చెప్పింది. అక్క మరిదిగారికి అభినందనలు చెప్పమంది.