మందుకు లొంగని బాలప్ప

2010 జులైలో హిందూపురం గోడలన్నిటి మీదా ఒకటే పోస్టరు: "మందుకు లొంగని మహామనిషి బాలప్పకు పౌరసన్మానం. సన్మానకర్త: మద్యవిమోచన సమితి అధ్యక్షులు అశ్వత్థనారాయణ గారు."

ఇంతటి కార్యక్రమానికి మూలం ఒక చిన్న ఉత్తరం. విలేకరిని కాబట్టి స్వయంగా చూశాను. "మందుకు లొంగని టీబీ ఉన్న బాలప్పకు కొత్త మందు వచ్చింది. మొదటి డోసు మీ చేతుల మీదుగా ఇప్పించగలరు" అని పెనుకొండ నుంచి డాక్టరమ్మ ఝాన్సీ రాసింది. అధ్యక్షులవారి పీఏ ఫణి పనిమంతుడు. రెండు మాటలు చదివితే ఉత్తరమంతా గ్రహిస్తాడు.

బాలప్ప బుక్కపట్నం చెరువులో చేపలు పట్టేవాడు. హెచ్ఐవీకి మాత్రలు వేసుకుంటూ కోలుకుంటుండగా ఈ మొండి టీబీ పట్టుకుంది. కొత్త మందు వేళకు పడకపోతే మనిషి దక్కడని డాక్టరమ్మ ముందే చెప్పింది. ఆ మందు సభలోనే ఇస్తారని అతనూ, భార్య జయమ్మా వచ్చారు.

అధ్యక్షులవారు బాలప్ప మాస్కు చూపించి, "మందు వాసన కూడా తగలకుండా ముక్కు మూసుకున్నాడు చూడండి!" అన్నారు. చప్పట్లు మోగాయి. శాలువా కప్పారు.

"ఏం కావల్లో అడుగప్పా!"

"మందు ఇప్పించండి సార్."

అధ్యక్షులవారు మైకును బాలప్ప నోటి దగ్గరికి జరిపారు.

"ఏమంటివి?"

"మందు సార్. రెండేండ్లు ఒక్క దినం గూడా తప్పకూడదంట."

"ఎవురు చెప్పిరి?"

"డాక్టరమ్మే సార్. ఆమె ముందరే ఏసుకోవల్లంట."

"ఇంట్లో తెలుసునా?"

"పాతది నేనే ఇస్తా సార్, పొద్దునొకతూరి, రాత్రొకతూరి" అంది జయమ్మ. "అదెట్లాగూ ఉండాది. కొత్తదే కావల్ల."

డాక్టరమ్మ వేదిక కింద నుంచి చెయ్యెత్తింది. ప్రోటోకాల్ జాబితాలో పేరు లేనందున మైకు అందలేదు.

అధ్యక్షులవారిది పెద్ద మనసు. శాలువా మాత్రమే వెనక్కి తీసుకుని, తన జీపులోనే బాలప్పను ధర్మవరంలో సమితి నడిపే తాగుడు మాన్పించే కేంద్రానికి పంపించారు. నియమం ప్రకారం గేటు దగ్గరే అతని మాత్రల సంచి లాక్కున్నారు. కొత్త మందు డబ్బాతో డాక్టరమ్మ మూడుసార్లు వెళ్లింది. "లోపలికి మందు తేరాదు" అని గేటు మీదే రాసి ఉంది. జయమ్మ ఆ గేటు బయటే కూర్చుంది. నాకు బాధేసింది. వార్తలో రాయడానికి స్థలం చాలలేదు.

నలభై రోజులకు ఫణి పత్రికా ప్రకటన తెచ్చాడు: "బాలప్ప చేత మందు పూర్తిగా మాన్పించాం."

"మనిషెట్లుండాడబ్బా?" అని అడిగాను.

"శానా మారినాడప్పా" అన్నాడు సంతోషంగా. "గలాటా లేదు, అడిగేది లేదు. మంచం దిగేదే లేదు."