గరుడ పక్షికి తొమ్మిది అడుగులు

ఆ ఉదయానికి రింకి వేసుకున్న పథకం చిన్నదే. చీకటి విడేసరికి ఒడ్డుకి చేరాలి, పాత బోటు చాటున కూర్చోవాలి, గరుడ పక్షి చేపను తింటుండగా ఒక్క ఫోటో తీయాలి, పదింటి బస్సుకి బరంపురం వెళ్ళాలి.

పంతొమ్మిది రోజులుగా పథకం ఇదే. పక్షి రోజూ వచ్చేది. తెల్లటి తల, ఇటుక రంగు రెక్కలు ఎండలో మెరిసేవి. నీళ్ళను తాకీ తాకనట్టు దిగి, చేపను గోళ్ళతో ఎత్తుకుని సరుగుడు తోపు అవతలికి పోయి, ఏ కొమ్మ చాటునో తినేది. ఎగురుతున్న ఫోటోలు రింకి దగ్గర రెండు వందల దాకా ఉన్నాయి. తింటున్నది ఒక్కటీ లేదు. చిలికా దగ్గరి పక్షుల శిబిరంలో గైడు పని కావాలంటే ఆ ఒక్కటే కావాలన్నారు. దరఖాస్తుకి ఆ రోజే ఆఖరు. బరంపురం గేట్ బజార్‌లో స్టూడియో నడిపే రవికాంత్ అరువిచ్చిన మూరెడు లెన్సు తిరిగి ఇవ్వవలసింది కూడా ఆ రోజే. మర్నాడు అతనికి భంజనగర్‌లో పెళ్ళి పని ఉంది.

తప్పు మూడు రోజుల కిందట జరిగింది. చేపల గంప నెత్తిన పెట్టుకుని పోతున్న కాసమ్మ పిన్ని ఆగి, "ఏటే, ఆ గరుడ సామి ఎన్నింటికొస్తాడు?" అని అడిగింది. రింకి ఆలోచించకుండా, "ఏడుంపావుకి పిన్నీ" అంది. కాసమ్మ ఏడుంపావు దాకా నిలబడి, పక్షికి దణ్ణం పెట్టి బయలుదేరింది. ఆ రోజు గంప పదిన్నరకే ఖాళీ అయింది. సాయంత్రానికల్లా ఊరంతటికీ తెలిసింది. కొత్త బోటు దింపబోతున్న కొండలు ముహూర్తాన్ని ఆరింటి నుంచి ఏడుంపావుకి మార్చేశాడు. ఆ సంగతి రింకికి మాత్రం ఎవరూ చెప్పలేదు.

అందుకే ఆ ఉదయం ఒడ్డు మీద డప్పులు, పసుపు నీళ్ళు, రెండు వందల మంది జనం చూసి రింకి కొండలు దగ్గరికి పరుగెత్తింది.

"ఇంత గోలలో గెద్ద రాదు మావా," అంది కొండలుతో.

ఆమె తన బాధ చెప్పుకుంది. కొండలు దాన్ని ఆజ్ఞగా తీసుకున్నాడు. "ఆపండెహె! డప్పు ఆపండి! కుక్కల్ని కట్టండి! ఇంజన్లు ఆపండి! గరుడ సామి రాకుండా ఒక్క బోటు కదిలిందా, మర్యాదుండదు!"

ఆ ఊరు పుట్టాక అంత నిశ్శబ్దం ఎన్నడూ లేదు. దగ్గు వచ్చినవాళ్ళు ఇసకలో ముఖం పెట్టి దగ్గారు. ఏడుంపావు అయింది. ఏడున్నర దాటింది. ఆకాశంలో కాకి కూడా లేదు.

"పిలువే," అన్నాడు కొండలు గుసగుసగా.

"నేను పిలిస్తే వచ్చేది కాదు మావా."

"మరి పంతొమ్మిది రోజులు దాంతో కూకుని ఏటి సేసినావు?"

"సూసినాను."

"సూడ్డానికి పంతొమ్మిది రోజులా!" అని కాసమ్మ బుగ్గలు నొక్కుకుంది. "నా పెళ్ళికి మీ బాబాయి నన్ను సూసింది ఒక్క పూటే."

రింకికి అప్పుడు వెలిగింది. పక్షి గడియారం చూసి రాదు. బోట్లు ఒడ్డుకి చేరి వలలు దులిపినప్పుడు రాలే కవ్వ చేపల కోసం వస్తుంది. ఇవాళ ఎవరూ వేటకి పోలేదు, వలలే లేవు. ఆ మాట చెప్పగానే, పూజ చేయిస్తున్న పైడయ్య తాత తల పంకించాడు.

"అంటే సామికి నైవేద్యం కావాల. బోటు ముక్కు మీద సేప ఎట్టండి."

కాసమ్మ గంపలోంచి నిన్న మిగిలిన పెద్ద చేపను తీసింది. కాకులు ఎత్తుకుపోకుండా కొండలు దాన్ని పసుపు తాడుతో గట్టిగా కట్టాడు. "రింకీ, నువ్వు బోటు ముందు నిలబడు. నీ ముకం దానికి తెలుసు."

బోటు ముక్కు సముద్రం వైపు ఉంది. దానికి బారెడు దూరంలో రింకి, ఆమె వెనక జనం, జనం వెనక కెరటాలు. బస్సు గురించి ఆమె ఆలోచించడం మానేసింది.

ఎనిమిదింటికి నీడ ఒకటి ఇసక మీద జారింది. పక్షి ఒక చుట్టు తిరిగి, దిగి, చేపను పట్టి లాగింది. తాడు తెగలేదు. మళ్ళీ లాగింది. చివరికి, అతిథి మర్యాద కాదంటే ఎలా అన్నట్టు, బోటు ముక్కు మీదే కూర్చుని తినసాగింది.

రింకి కెమెరా ఎత్తింది. లెన్సు గుర్రుమంది. అంతా మసక. ఎంత తిప్పినా మసకే. దూరంగా ఉన్నవాటి కోసం చేసిన లెన్సది. బారెడు దూరంలో ఉన్నది దానికి ఆనదు. పంతొమ్మిది రోజులు అందనంత దూరాన ఉన్న పక్షి, ఇవాళ అందనంత దగ్గరగా ఉంది.

చేయగలిగింది ఒక్కటే. ఆమె కళ్ళు తిప్పకుండా, మెల్లగా ఒక అడుగు వెనక్కి వేసింది. మరొకటి వేసింది.

"సూసినారా," అని పైడయ్య తాత గొంతు తగ్గించి అన్నాడు. "సామికి ఈపు సూపించకుండా ఎనక్కెల్తంది. నడండి, నడండి!"

రెండు వందల మంది చేతులు జోడించి వెనక్కి నడిచారు. మూడో అడుగుకి పాదాలు తడిశాయి. ఆరో అడుగుకి చివరి వరసవాళ్ళు నడుం లోతులో ఉన్నారు. డప్పులవాడు డప్పును నెత్తిన పెట్టుకున్నాడు. కాసమ్మ గంప తేలుకుంటూ గోపాలపూర్ వైపు సాగింది. ఒక కెరటం కొండలు కొత్త పంచెను తీసుకెళ్తానంటే అతను ఒక చేత్తో దణ్ణం, ఒక చేత్తో పంచె పట్టుకున్నాడు. ఎవరూ కిక్కురుమనలేదు.

తొమ్మిదో అడుగుకి, ఆమె మోకాలి లోతు నీళ్ళలో ఉండగా, పక్షి కన్ను కెమెరా అద్దంలో సూదిమొనలా తేలింది. ముక్కున చేప ముక్క, గోళ్ళ కింద పసుపు తాడు. రింకి ఊపిరి ఆపి పద్నాలుగు సార్లు నొక్కింది. పక్షి చేప తల మాత్రం మిగిల్చి ఎగిరిపోయింది. అప్పుడు లేచిన జయధ్వానాలకి కట్టేసిన కుక్కలన్నీ ఒక్కసారి మొరిగాయి.

మధ్యాహ్నం స్టూడియోలో రవికాంత్ లెన్సు తుడుస్తూ, "దీని మీద ఉప్పేటమ్మా?" అన్నాడు.

"సముద్రంలోకి దిగాల్సొచ్చింది అన్నా."

"పక్షి నీళ్ళలో ఉందా?"

"లేదన్నా, ఒడ్డు మీదే ఉంది."

రవికాంత్ లెన్సును మరోసారి తుడిచాడు. అతని కంప్యూటర్ నుంచే దరఖాస్తు వెళ్ళింది. పది రోజులకి శిబిరం నుంచి పిలుపు వచ్చింది.

మూడు నెలల తరవాత రింకి సెలవు మీద ఇంటికి వచ్చిన రోజున ఎవరిదో మరో కొత్త బోటు దిగుతోంది. చేపను తాడుతో కట్టారు. పక్షి వచ్చి కూర్చోగానే ఊరంతా చేతులు జోడించి, లెక్కగా తొమ్మిది అడుగులు, సముద్రంలోకి వెనక్కి నడిచింది.

"తొమ్మిదే ఎందుకు తాతా?" అని పక్కూరి నుంచి వచ్చిన కొత్త కోడలెవరో అడిగింది.

"నవగ్రహాలు తొమ్మిది కదమ్మా," అన్నాడు పైడయ్య తాత. "మా తాతల కాలం నించీ ఇదే."

రింకి నవ్వు ఆపుకుంటూ సంచిలోంచి కెమెరా తీసింది. తాత గుడ్లురిమి చూశాడు.

"ఆచారం జరుగుతున్నప్పుడు ఫోటోలు తియ్యకూడదమ్మా, అరిష్టం."