పుష్పం ముక్కులో ముత్తు

పిల్లకు ఒళ్లు కాస్త వెచ్చబడగానే డాక్టరు దగ్గరకు పరుగెత్తే తల్లిదండ్రులను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది! అటువంటివారిని కొన్నాళ్లు సబ్‌జైలులో కూర్చోబెట్టి, ఆ మిక్చరేదో ముప్పూటలా వాళ్లచేతే తాగించాలని సర్కారువారికి నా మనవి.

కోపగించుకోకండి. డాక్టరు ఏం చేస్తాడో ఎప్పుడైనా ఆలోచించారా? ముందు నాలుక చాపమంటాడు. మన పిల్ల మన ముందు నాలుక చాపితే చెంప ఛెళ్లుమనిపిస్తాం. ఈయన అడిగి మరీ చాపించుకుంటాడు! వీపు మీద గొట్టం ఆనించి లోపలి సంగతులు వింటాడు. చంకలో గాజుపుల్ల పెడతాడు. ఇంతా చేసి ఆఖరున "పిల్లకు ఏమిటి?" అని మనల్నే అడుగుతాడు. అది తెలిస్తే నీ దగ్గరకు ఎందుకొస్తాం నాయనా?

మా ఊళ్లో ఈ బాధ లేదు. ఏళాయిరంపన్నై పక్కన నల్లరేగడి పల్లె మాది. ఇంట్లో తెలుగు, వీధిలో అరవం మాట్లాడుకుంటూ సజ్జలూ పత్తీ పండించుకునేవాళ్లం. మా పిల్లలకు ఏ జబ్బు వచ్చినా తేల్చుకోవలసింది ఒకటే, ఇది ఏ దేవుడి పని అని. అది తేలిందా, వైద్యం అయిపోయినట్టే. తక్కినది పిల్ల చూసుకుంటుంది.

ఉదాహరణకు మా చెల్లసామి కొడుకు దగ్గు. ఎగదన్నుకొచ్చే దగ్గు. మా ఊరి దేవుడు కరుప్పసామి తనకు చుట్టలు కావాలని పిల్లవాడి నోట అడుగుతున్నాడని పూజారి మాడసామి కనిపెట్టాడు. గుడిలో కట్టెడు చుట్టలు పెట్టి వచ్చారు. పిల్లవాడి దగ్గు తగ్గలేదు గాని, తెల్లారేసరికి చుట్టలు మాత్రం ఒక్కటీ లేవు! దేవుడు శ్రద్ధ తీసుకుంటున్నాడనడానికి ఇంతకన్నా రుజువు కావాలా?

అయ్యాసామి కొడుకు మన్ను తినేవాడు. భూదేవి వాడికి స్వయంగా తినిపిస్తోందని తేలింది. ఇక ఆపేదెవరు? ఇంటి గోడకు కన్నం పడింది. ఇప్పుడు ఆ కన్నానికి చిన్న తలుపు కూడా పెట్టించారు. గాలి బాగా వస్తోందట.

అన్నిట్లోకీ అమ్మవారి రాక మహా సుఖం. ఆవిడను మేము ఆత్తా అంటాం. ఒంటి మీద పొక్కులు లేస్తే పొక్కులు అనకూడదు, లెంపలేసుకోవాలి. "ఆత్తా ముత్తు వేసింది" అనాలి. ముత్తు అంటే ముత్యం. తల్లి ఇచ్చిన ముత్యాలకు మందు రాస్తారా ఎవరైనా? గుమ్మానికి వేపమండలు కట్టామా, ఇక ఇల్లు ఇల్లంతటికీ లాభాలే! తాలింపు చప్పుడు ఆత్తాకు గిట్టదు గనుక నూనె మిగులుతుంది. గట్టిగా మాట్లాడకూడదు గనుక మొగుడూ పెళ్లాలు పోట్లాడుకోరు. చుట్టాలు గడప తొక్కరు. గడ్డం గీసుకునే పని లేదు. ఇన్ని సుఖాలు ఏ డిస్పెన్సరీలో దొరుకుతాయండీ?

ఇక మర్యాద సంగతి. ఆత్తా వచ్చిన పిల్ల ఇక పిల్ల కాదు, సాక్షాత్తూ ఆత్తాయే! మొన్న శ్రీముఖ సంవత్సరం పంగుని నెలలో మా చెల్లెలి ఇంట్లోనే ఈ వైభవం కళ్లారా చూశాను. మా చెల్లెలు పాండియమ్మాళ్, దాని మొగుడు తిరుమలసామి. వాళ్లకు నాలుగేళ్ల కూతురు పుష్పం. తిరుమలసామి తల్లి అళగమ్మాళ్ ఆ పిల్లను తిట్టకుండా పచ్చి మంచినీళ్లు ముట్టదు. అటువంటి అవ్వ మనవరాలి కాళ్ల మీద సాగిలపడి, "తాయీ, మా ఇల్లు ఎతుక్కోని వచ్చినావు, చల్లంగా దిగిపో" అని వేడుకుంది. ఏ మిక్చరు తాగితే వస్తుంది ఇంత గౌరవం?

అసలేం జరిగిందంటే, అవి మాకు చింతపండు కొట్టే రోజులు. ఆడవాళ్లంతా పందిట్లో కూర్చుని పని మీద ఉన్నారు. కొన్నాళ్లుగా ముక్కు కారుతూ నలతగా ఉన్న పుష్పం ఏడుస్తూ వచ్చి అవ్వ కొంగు పట్టుకుంది.

"అవ్వా, ముత్తు ఉండాది" అంది, మొహం మీద వేలు పెట్టుకుని.

అవ్వ నుదురు ముట్టి చూసింది. ఒళ్లు కాలిపోతోంది.

"అయ్యయ్యో, ఆత్తా వచ్చుండాది! ముత్తు వేసినానని తన నోటితోనే చెప్పె!" అని లెంపలేసుకుంది.

చేతిలో పని చేతిలోనే ఆగిపోయింది. వేపమండలు వచ్చాయి, పసుపునీళ్లు వచ్చాయి, ఉడుక్క వాయించుకుంటూ మాడసామి కూడా వచ్చాడు. పిల్ల ఒళ్లంతా వెతికాడు. ముత్తు అన్నది ఒక్కటి లేదు! డాక్టరైతే ఇక్కడే చేతులెత్తేసేవాడు. మాడసామి ఆ రకం మనిషి కాదు.

"పైన లేకుంటే లోన వేసుండాది" అన్నాడు. "ఇది లోముత్తు. ఎంతో పుణ్యం చేసినోల్లకే వస్తాది."

ఆ మాటకు తిరుమలసామి ఛాతీ ఎంత విరుచుకున్నాడంటే బొత్తాం ఊడిపోయింది.

పుష్పం కుడి ముక్కు వాచింది. అందులోంచి చీము కారి గదంతా కంపు కొట్టింది. ఎడమ ముక్కు శుభ్రంగా ఉంది. ఎందువల్ల? ఆత్తా కుడివైపు కొలువుతీరిందని మాడసామి సెలవిచ్చాడు. మా అమ్మవారికి ఎడమా కుడీ తెలుసునండీ! మీ మిక్చరుకు తెలుసునా?

పిల్ల రోజూ అదే మాట చెబుతూ వచ్చింది. "అమ్మా, ముత్తు. నొస్తాది." చెప్పిన ప్రతిసారీ మేమంతా దండాలు పెట్టాం. ఏడిస్తే ఆత్తాకు కోపమొచ్చిందని వేపాకుతో విసిరాం. ఏడవడానికి ఓపిక లేక ఊరుకుంటే శాంతించిందని కర్పూరం వెలిగించాం. కూడు ముట్టకపోతే ఉపవాసం ఉందన్నాం. నోరు తెరుచుకుని, డొక్కలెగరేస్తూ ఊపిరి తీస్తుంటే ఆత్తా ఊయల ఊగుతోందన్నాం.

పాండియమ్మాళ్ ఒక్కతే తట్టుకోలేకపోయింది. "కోవిల్‌పట్టి ఆస్పత్రికి బండి కడదామా?" అని గొణిగింది.

"తల్లిని సూదితో పొడిపిస్తావా? వంశం నిలుస్తాదా?" అని అవ్వ కసిరింది. మా చెల్లెలు పిల్ల తల ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. దాని మొహం చూడలేక నేను పందిట్లోకి పోయాను.

ఇంతలో కష్టం వచ్చిపడింది. మా ఊళ్లో అమ్మవారు పోసిందన్న కబురు మునసబు ద్వారా కోవిల్‌పట్టి చేరి, టీకాల పెట్టెతో డాక్టరు దిగాడు! గుంటూరు వైపు మనిషి, కొత్తగా బదిలీ మీద వచ్చాడు. టీకా అన్న మాట చెవిన పడగానే ఊరు ఊరంతా పత్తిచేలల్లో దాక్కుంది. పత్తి మోకాలెత్తే ఉండడం వల్ల అందరి వీపులూ ఆయనకు స్పష్టంగా కనిపించాయి. లేవలేని పుష్పం, దాన్ని విడిచి కదలలేని మేమూ దొరికిపోయాం.

ఆయన వేపమండలు తప్పించుకుని లోపలికి వచ్చి, చాప పక్కన గొంతుక్కూర్చున్నాడు.

"ఏమ్మా, ఏమైంది?"

"ముత్తు ఉండాది."

"ఎక్కడ?"

చూశారా వరస! మాలో ఎవరికీ ఆ ప్రశ్న తోచలేదు. ఎందుకంటే మాకు భక్తి ఉంది. పుష్పం వేలితో కుడి ముక్కు చూపించింది.

డాక్టరు తెల్లబోయాడు. "ముత్యమా? చంటిపిల్ల చేతికి ముత్యాలిచ్చి ఆడిస్తారా? మీరు అంత కలిగినవాళ్లా అండీ?"

పాపం, మా మాట ఆయనకు కొత్త. టార్చిలైటు వేశాడు. కొస వంచిన ఇనుపపుల్ల తీశాడు. "ఆత్తాను గెలకొద్దు సామీ, కండ్లు పోతాయి!" అని అవ్వ పెడబొబ్బలు పెట్టింది. పుష్పం ఒక్క కేక వేసింది. నాని, ఉబ్బి, మొలక కూడా తలెత్తిన చింతగింజ ఒకటి బయటికి వచ్చి చాప మీద పడింది!

విషయం ఏమిటంటే, మా సీమలో గింజను కూడా ముత్తు అనే అంటాం. చింతగింజ పుళియముత్తు. వేపగింజ వేప్పముత్తు. ఇది మాలో పాలుతాగే పిల్లలకు కూడా తెలుసు. తెలియనివాడు డాక్టరొక్కడే. అందుకే, గింజ వచ్చిన తర్వాత కూడా ఆయన ముత్యం కోసం ఎడమ ముక్కులో కాసేపు వెతికాడు.

"ఇంకాస్త వెనక్కి జారి ఊపిరిగొట్టంలో పడి ఉంటే పిల్ల దక్కేది కాదు" అన్నాడు చేతులు కడుక్కుంటూ. పాండియమ్మాళ్ పిల్లను గుండెకు హత్తుకుని బావురుమంది. నాకూ కళ్లు తడిశాయి. కర్పూరం పొగ వల్ల కాదు.

పత్తిచేలల్లోంచి తిరిగొచ్చిన పెద్దలు మాత్రం పెదవి విరిచారు. ఉన్నదాన్ని ఉన్నట్టు బయటికి తీయడం ఏం విద్య? మాడసామికైతే పట్టరాని బాధ. "ఇంకా రోంతసేపు ఆగుంటే అది నిజం ముత్యంగానే పడుండును. తొందరపడి గింజ చేసినారు గదా!" అన్నాడు.

అవ్వకు ఒక్క అనుమానం తీరలేదు. "లోన ఉండేది నీకెట్ల తెలిసె సామీ?"

"పాపే చెప్పింది కదమ్మా" అన్నాడు డాక్టరు.



పాఠకమహాశయులారా, నేను మొత్తుకునేది దీని గురించే! పిల్ల చెప్పిన మాట వినే డాక్టర్లు బయలుదేరారు. ఇవాళ ముక్కంటుంది, రేపు కడుపంటుంది, ఎల్లుండి అయ్యవారు బెత్తంతో కొట్టాడంటుంది. అన్నీ విని, ఎక్కడా అని అడుగుతూ కూర్చుంటే పెద్దవాళ్ల పెద్దరికం ఏం కాను? దేవుడు చెప్పేది వినడానికి మనకు తీరికెక్కడ?

అయినా మేము కృతజ్ఞత లేనివాళ్లం కాము. పిల్ల లేచి తిరగగానే ఇరుక్కన్‌గుడి ఆత్తాకు మొక్కు తీర్చాలనుకున్నాం. ఏ అవయవం నయమైతే దాన్ని వెండిరేకుతో చేయించి గుడిలో సమర్పించడం మా ఆచారం. పిల్లను వెంటబెట్టుకుని విరుదునగర్ బజారుకు పోయి వెండి ముక్కు కావాలన్నాం. కొట్టువాడు పెట్టె తెరిచి తెగ వెతికాడు. కళ్లున్నాయి, కాళ్లున్నాయి, చేతులున్నాయి. ముక్కు మాత్రం ఎవరూ అడగరట, అచ్చు కూడా లేదట.

"చెవులు మంచివి ఉన్నాయి, చెవులు తీసుకోండి" అన్నాడు అరవంలో.

తిరుమలసామికి కోపమొచ్చింది. "చెవులేంటికి? మా ఇంట్లో ఎవరి చెవులకూ ఏ జబ్బూ లేదు!" అని గయ్యిమన్నాడు.

అంతసేపటి నుంచీ పుష్పం ఆయన పంచె పట్టుకు లాగుతూ, "నాయనా, నీల్లు... నాయనా, నీల్లు" అంటూనే ఉంది.